పెరిగే పిల్లాడి కొలత

నాయనా,

పోయిన ఆదివారం ఫోన్లో నువ్వు ఆ రెక్కల సూటును నేల మీద పరిచి చూపిస్తుంటే మీ పెద్దమ్మ తొంగి చూసి, "ఏందయ్యా ఆ గబ్బిలం వేషం" అనుకుంటూ వంటింట్లోకి పోయింది. నేను మాత్రం చంక దగ్గర కుట్టు చూస్తూ కూర్చున్నాను. నలభై రెండేళ్ళు మిషను తొక్కినవాడికి ముందు కుట్టు కనపడుతుంది, ఆ తరవాతే మనిషి. స్నేహితుడు సగం ధరకు ఇస్తానంటున్నాడని చెప్పావు. ఇప్పటికి విమానం నుంచి నూట ముప్పై జంపులే అయ్యాయి, ఇంకో డెబ్బయి అయ్యేసరికి దీనికి సరిపోతాను, ఇప్పుడే కొనిపెట్టుకుంటే డబ్బు కలిసొస్తుంది అన్నావు. నా మనసు అక్కడే ఆగిపోయింది. ఆ తరవాత నువ్వు చెప్పిందానికి ఊఁ కొట్టాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఆ మాట నాకు కొత్తది కాదు మరి. ఏటా జూన్‌లో బడులు తెరిచే వారం, నా కొట్టు ముందు చీటీ పట్టుకుని నిలబడ్డ తల్లులందరూ చెప్పిన మాటే అది. "పెరిగే పిల్లాడు అన్నా, కాస్త లూజుగా కుట్టు." కుట్టేవాణ్ణి. పంట్లాం అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి, మరుసటి ఏడు విప్పుకునేట్టు పైపైన కుట్టు వేసేవాణ్ణి. చొక్కా భుజాలు మోచేతి దాకా జారేవి. నీకూ ఆరో తరగతిలో అట్లాగే కుట్టాను, మీ అమ్మ అడిగిందని. ఆ పంట్లాం అంచు సైకిలు చైనులో ఇరుక్కుని శివయ్య స్తూపం దగ్గర నువ్వు బోర్లా పడ్డావు. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉండే ఉంటుంది, ఒకసారి చూసుకో. ఆ తప్పు నాది. మీ అమ్మ అడిగినా నేను కుట్టకుండా ఉండాల్సింది.

అందుకే ఈ ఉత్తరం. వద్దని చెప్పడానికి రాయడం లేదు, భయపడకు. నువ్వు డాలస్‌లో మొదటిసారి దూకిన వీడియో పంపినప్పుడు మీ నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం రాత్రిపూట దుప్పటి కప్పుకుని నాలుగుసార్లు చూశాను. ఈ సంగతి మీ నాన్నకు చెప్పకు. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం నిన్ను అడిగీ అడిగీ, మన వీధి చివర కంప్యూటర్ కుర్రాడి చేత చూపించుకుని, ఈ రెక్కల సంగతి కొంత తెలుసుకున్నాను. తెలుసుకున్న కొద్దీ ఒకటి తోచింది. ఇది మా పనికి సంబంధించిన విద్యే. గుడ్డ, కొలత, కత్తిరింపు, కుట్టు. మిగతాది గాలి.

ఈ కథ మొదట్లోనే ఒక దర్జీ ఉన్నాడు. ఫ్రాంజ్ రైషెల్ట్ అని, పారిస్‌లో ఆడవాళ్ళ దుస్తులు కుట్టేవాడు. విమానం వాళ్ళు ఒంటి మీదే తొడుక్కునే ప్యారాచూట్ కోటు కుట్టాలని పట్టుపట్టాడు. బొమ్మలకు తొడిగి మేడ మీద నుంచి పడేసి చూశాడు. కొన్ని బాగానే దిగాయట గానీ, మనిషి తొడుక్కునేట్టు చిన్నది చేసేసరికి కుదరలేదు. ఎత్తు చాలకపోవడం వల్లే అని తీర్మానించుకున్నాడు. 1912 ఫిబ్రవరి 4న ఐఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి బొమ్మను పడేస్తానని పోలీసుల దగ్గర అనుమతి తీసుకుని, తీరా పొద్దున్నే వచ్చి, దూకేది నేనే అన్నాడు. యాభై ఏడు మీటర్ల ఎత్తు. చలి. స్నేహితులు బతిమాలారు. సినిమా కెమెరా తిరుగుతోంది, ఆ ముక్క ఇప్పటికీ దొరుకుతుంది. పిట్టగోడ మీద కాలు పెట్టి దాదాపు నలభై సెకన్లు తటపటాయించి దూకుతాడు. గుడ్డ విచ్చుకోలేదు. నేను ఆ నలభై సెకన్లే మళ్ళీ మళ్ళీ చూశాను. ఆయన కళ్ళు కోటు మీదే ఉన్నాయి. కొట్లో గిరాకీ తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డప్పుడు మేం చూస్తామే, భుజం దగ్గర లాగుతోందా, వీపున ముడత పడిందా అని, అట్లా. ఎక్కడో తేడా ఉందని ఆయన చేతికి తెలుసనిపించింది. మా పనివాడు కదా, తెలియకుండా ఎట్లా ఉంటుంది?

ఆ తరవాత అమెరికా కుర్రాడు క్లెమ్ సోన్ చేతులకూ ఒంటికీ మధ్య, కాళ్ళ మధ్య ఊచలు పెట్టిన గుడ్డ రెక్కలు కట్టుకుని ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. జనం ఆయన్ని గబ్బిలం మనిషి అన్నారు, మీ పెద్దమ్మ అన్నట్టే. 1937 ఏప్రిల్‌లో పారిస్ పక్కన వాన్సెన్‌లో వేలమంది చూస్తుండగా రెండు ప్యారాచూట్లూ తెరుచుకోక పోయాడు. ఇరవై ఆరేళ్ళు. ఫ్రాన్సు వాడు లియో వాలెంటిన్ కర్ర రెక్కలతో ఎగిరాడు, 1956లో లివర్‌పూల్ దగ్గర ఆయనా అంతే. ఈ పేర్లు భయపెట్టడానికి చెప్పడం లేదు. సోన్, వాలెంటిన్ ఇద్దరూ గట్టి రెక్కలు, ఊచల రెక్కలు పెట్టుకున్నారు. ఇప్పటి మీ సూటు పుట్టింది 1990ల నడుమ, పాట్రిక్ ద గయార్డాన్ చేతిలో. రెండు పొరల గుడ్డ మధ్యకు గాలి దూరేట్టు నోళ్ళు పెట్టి, ఆ గాలితోనే రెక్క బిగుసుకునేట్టు చేశాడు. ఊచ అక్కర్లేదు. ఎంత తెలివైన కత్తిరింపు! ఆయన పనిని తలుచుకుంటే ఈ వయసులోనూ మిషను ముందు కూర్చోబుద్ధేస్తుంది.

ఆయన ఎట్లా పోయాడో కూడా తెలుసుకో. 1998 ఏప్రిల్ 13న హవాయిలో. సూటు వల్ల పోలేదు. ప్యారాచూట్ మడిచి పెట్టుకునే సంచిని తనే కొంచెం మార్చి కుట్టుకున్నాడు, ఆ మార్పులో జరిగిన పొరపాటు వల్ల చూట్ సరిగా విప్పుకోలేదు. ప్రపంచంలో ఆ విద్యలో ఆయనను మించినవాడు అప్పటికి లేడు. అయినా ఒక ఆల్టరేషన్ తీసుకుపోయింది. ఇంకో ఏడాదికి ఫిన్లండ్ వాడు యారి కువోస్మా, క్రొయేషియా వాడు రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మ్యాన్ పేరుతో సూట్లు కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. సూటు అమ్మడంతో సరిపెట్టుకోకుండా, దానితో ఎట్లా ఎగరాలో నేర్పించే పద్ధతి కూడా పెట్టారు. అక్కడి నుంచే ఇది పిచ్చివాళ్ళ ఆట అనే పేరు పోయి, నేర్చుకునే విద్య అయింది.

మన ఊరి వాళ్ళకు గబ్బిలం పరాయిది కాదులే. కవి జాషువా గారు మన వినుకొండలోనే పుట్టారు, 1895లో. గుడిలోకి రానివ్వని మనిషి బాధను శివుడికి చేరవేయడానికి ఆయన ఎంచుకున్నది హంసనూ కాదు, మేఘాన్నీ కాదు, గబ్బిలాన్ని. చిన్నప్పుడు మా మాస్టారు 'గబ్బిలం' పాఠం చెబుతూ పాత మండపానికి తీసుకుపోయి చూపించారు. అప్పుడు గమనించాను. కాకి నేల మీద నుంచి ఎగురుతుంది. గబ్బిలం మాత్రం తలకిందులుగా వేలాడుతూ పట్టు వదిలేస్తుంది. ముందు పడుతుంది, పడుతూ రెక్క విప్పుతుంది. మీరు చేసేదీ అదే. పడటంలో నుంచే మీకు ఎగరడం వస్తుంది. మామూలుగా పొట్ట కింద పెట్టుకుని పడితే గంటకు 190, 200 కిలోమీటర్ల వేగంతో కిందికి పోతారు. రెక్క సరిగా పరిస్తే అది 80 దాకా, చేయి తిరిగినవాడికి ఇంకా తక్కువకు వస్తుంది. మీటరు దిగేలోపు రెండున్నర మీటర్లు ముందుకు సాగుతారు. 13,000 అడుగుల నుంచి నిమిషంలో ముగిసేది, రెండు మూడు నిమిషాలు సాగుతుంది. ఆ రెండో నిమిషం కోసమే కదా నీ ఆరాటమంతా. నాకు అర్థమవుతుంది.

ఇక సూటు సంగతికి వస్తాను. నీ స్నేహితుడిది పెద్ద రెక్క. చేతి రెక్క మణికట్టు దాటి, కిందికి మోకాలి దాకా వచ్చింది. కాళ్ళ మధ్య గుడ్డ పాదం కిందికి దిగింది. నోళ్ళు పెద్దవి, లోపల గాలి బాగా నిండుతుంది. అంటే గాలిలో అది కర్ర బల్లలా బిగుసుకుపోతుంది. దాన్ని నడిపేవాడికి బలం, లెక్క రెండూ ఉండాలి. కొత్తవాడు భుజం ఒక పక్కకు వంచాడా, ఆ రెక్క అతన్ని చక్రంలా తిప్పేస్తుంది. తిరగడం మొదలయ్యాక చేతులు దగ్గరికి లాక్కోవడమే కష్టం. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ కట్టినప్పుడు చూశావుగా, ఎనభై తొంభై అడుగుల ప్రభకు నాలుగు వైపులా మోకులు పట్టుకుని అంతమంది ఎందుకు నడుస్తారు? గుడ్డ పెరిగిన కొద్దీ గాలి మాటే చెల్లుతుంది, మనిషి మాట చెల్లదు. నీ సూటుకు మోకు పట్టేవాడు పైన ఎవడూ ఉండడు.

అందుకని మొదటి సూటు చిన్నది తీసుకో. కొత్తవాళ్ళకని కుట్టేవి వేరే ఉన్నాయి. చేతి రెక్క తొడ దగ్గరే ఆగుతుంది, అరచేయి పూర్తిగా బయట ఉంటుంది, గాలి నోళ్ళు చిన్నవి. నువ్వు చెప్పిన స్క్విరల్ కంపెనీలోనే స్విఫ్ట్ అని ఉందట, అట్లాంటిది. అదే కంపెనీ కొండల మీద నుంచి దూకేవాళ్ళకు ఆరా లాంటివి కుడుతుంది. రెండూ సూట్లే గదా అనుకోకు, పాలిస్టర్ చీరకూ పట్టుచీరకూ ఉన్నంత తేడా. చిన్న సూటులో దూరం తక్కువే పోతావు. పక్కవాడు ముందుకు వెళ్ళిపోతుంటే చూస్తూ కిందికి వస్తావు. ఆ చిన్నతనం పడాలి. ఈనాటి నీ ఒంటికి, ఈనాటి నీ చేతికి సరిపోయేదే నీ కొలత. డెబ్బయి జంపుల తరవాతి మనిషి ఇంకా పుట్టలేదు. ఆయన కోసం ఇప్పుడే గుడ్డ కొనకు.

పాతది కొనద్దని కాదు. మీ నాన్న ఓ ఏడు సగం ధరకు వస్తున్నాయని పత్తి విత్తనాలు విడిగా, బిల్లు లేకుండా తెచ్చాడు గుర్తుందా? చెట్టు నిలువెత్తు పెరిగింది, కాయ లేదు. దీనిలో చెట్టు కూడా మిగలదు. పాత సూటు చూసేటప్పుడు జిప్పుల దగ్గర మొదలుపెట్టు. ఒక పన్ను అరిగినా చూపుడు గోటికి తగులుతుంది. చంక కుట్టు తిరగేసి చూడు, దారం పొంగిందా, ఒక పక్క కొత్త దారం ఉందా. కొత్త దారం ఉంటే ఎవరు కుట్టారు, ఎందుకు కుట్టారు అని అడుగు. సూటు నీ ప్యారాచూట్ సంచికి అమరుతుందా అని తొడుక్కుని చూడు. భుజాల దగ్గర ఎంత బిగువుగా ఉండాలి, కాళ్ళు ఎంత చాపితే గుడ్డ బిగుసుకోవాలి అనేది నీకు నేర్పేవాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని తేల్చుకో. ఒకరి ఒంటికి కుట్టినది ఇంకొకరికి సరిపోవడం మా కొట్లోనే అరుదు.

నాకు నిద్ర పట్టనివ్వని ఇంకో కొలత ఉంది. నీ కుడిచేయి. వీపు కింద, నడుము దగ్గర ఉన్న ఆ పిడి లాగితే కదా చిన్న చూట్ గాలిలోకి పోయి పెద్దదాన్ని లాగేది. పెద్ద రెక్క ఆ పిడికి అడ్డం వస్తుంది. చేయి వెనక్కి పోతే గుడ్డ చేతికి తగులుతుంది, పిడి అనుకుని గుడ్డనే లాగినవాళ్ళు ఉన్నారు. సూటు తొడుక్కుని, సంచి తగిలించుకుని, ఇంట్లో పొట్ట మీద పడుకుని వందసార్లు ఆ పిడి అందుకో. కళ్ళు మూసుకుని అందుకో. రెండు చేతులూ ఒకేసారి వెనక్కి రావాలి, ఒకటి ముందు వస్తే ఒళ్ళు పక్కకు ఒరుగుతుంది, తాళ్ళు మెలిపడతాయి. నేను కత్తెర పట్టడం నేర్చుకున్నప్పుడు మా గురువు గారు ఆరు నెలలు పాత పేపర్లే కత్తిరించనిచ్చారు. గుడ్డ ముట్టనివ్వలేదు. అప్పట్లో ఆయన్ని తిట్టుకున్నాను.

మీ వీపు వెనక గాలికి నీడ ఉంటుంది. తూర్పారబట్టేటప్పుడు వామి వెనక నిలబడితే పొట్టు ఎటూ పోకుండా సుడి తిరుగుతూ మొహాన పడుతుంది చూడు, అట్లాంటిది. రెక్క వెడల్పయ్యే కొద్దీ ఆ నీడ పెద్దదవుతుంది. చిన్న చూట్ ఆ సుడిలో పడితే లాగదు, వీపు మీదే ఊగులాడుతుంది. అందుకే దానికి తాడు పొడుగ్గా ఉండాలంటారు, ఆ చూట్ కూడా కాస్త పెద్దదే పెట్టమంటారు. పెద్ద ప్యారాచూట్ విషయంలో కూడా పట్టింపులకు పోకు. నిదానంగా, నిటారుగా తెరుచుకునే ఏడు గదులది తీసుకో. వేగంగా తిరిగే చిన్న చూట్లు వేరే ఆటకు.

నువ్వు నమ్ముకున్న ఆ ఆటోమేటిక్ పెట్టె గురించి ఒక మాట. మామూలు సైప్రెస్ లాంటివి, నేలకు 225 మీటర్ల దగ్గర ఇంకా గంటకు 126 కిలోమీటర్ల పైన పడుతుంటే తనంతట తనే రెండో చూట్ విప్పుతాయి. మామూలు స్కైడైవింగులో ఎంతోమందిని కాపాడింది అది. కానీ రెక్క పరిచినవాడు 80తోనే దిగుతుంటే? వీడు చూట్ విప్పుకుని హాయిగా దిగుతున్నాడు అనుకుని ఊరుకుంటుంది. పొలంలో మోటారుకు కట్టిన స్టార్టరు లాగా దాని లెక్క దానిది, మనం మునిగినా తేలినా దానికి తెలియదు. కాబట్టి ఎత్తు చూసుకోవాల్సింది నువ్వే. మొదటి జంపుల్లో 5,000 అడుగులకు పైనే లాగేయి. పైన మిగిలిన గాలి కోసం కక్కుర్తి పడకు.

ఇంకోటి. సూటు వేసుకుంటే తొడ పట్టీలు లోపలికి పోతాయి, బయటకు కనపడవు. అవి బిగించుకోవడం మరిచిపోయి దూకినవాళ్ళు ఉన్నారని చదివి నాకు చెమటలు పట్టాయి. ఇన్నేళ్ళలో నేను కాజాలు కుట్టి బొత్తాలు మరిచిపోయిన చొక్కాలు రెండు మూడున్నాయి, గిరాకీ నవ్వి ఊరుకున్నాడు. నువ్వు జిప్పు పైకి లాగే ముందు ఎవరైనా ఒకరి చేత ఆ పట్టీలు పట్టి లాగి చూపించుకో, తరవాతే జిప్పు. విమానం తలుపు దగ్గర రెక్క మూసుకునే బయటికి జారు. ఉత్సాహంలో తలుపు దగ్గరే రెక్క విప్పితే గాలి ఎత్తి తోక రెక్కకు కొడుతుంది.

రెండు వందల జంపుల నియమం మీ అమెరికా ప్యారాచూట్ సంఘం యుఎస్‌పీఏ వాళ్ళు ఊరికే పెట్టలేదు. అంతకు ముందు ఆ దేశంలో రెక్క వేసుకోనివ్వరని నువ్వే చెప్పావు. మరి ఆ డెబ్బయి జంపులూ రెక్క కోసం లెక్క పూర్తి చేసినట్టు గబగబా దూకెయ్యకు. ఒక్కొక్కటీ పని పెట్టుకుని దూకు. నేల మీద అనుకున్న చోటే దిగడం, గాలి వాటం చూసుకోవడం, పక్కవాళ్ళ నుంచి దూరం జరగడం. రెక్కవాడు అడ్డంగా పోతాడు కదా, తక్కినవాళ్ళ చూట్ల మీద పడకుండా దారి ముందే గీసుకోవాలి. నీకు సెలవు దొరికితే స్టాక్‌హోం పో. అక్కడ 2017లో రెక్కల సూటు కోసమే ఒక గాలి సొరంగం తెరిచారు. తలకు దగ్గరగా గురువు నిలబడి, ఇదిగో ఈ భుజం దించు అని చెప్పే చోటు అది.  డాలస్ నుంచి ఇండియా రావడానికి పెట్టే ఖర్చే అవుతుంది, ఒకసారి మానుకో, నేనేం అనుకోను. మీ అమ్మ సంగతి నాకు తెలియదు.

మన దేశంలోనూ లేకపోలేదు ఇది. 2018లో వాయుసేన వింగ్ కమాండర్ తరుణ్ చౌధరి జోధ్‌పూర్ మీద ఎంఐ-17 హెలికాప్టర్ నుంచి రెక్కల సూటుతో దూకారు. వెనక ఒక సేన, ఏళ్ళ తరబడి శిక్షణ. అట్లా నేర్చుకునేవాళ్ళను చూస్తే నాకు భయం వేయదు.

భయం వేసేది నువ్వు ఆఖర్లో పంపిన ఆ స్విట్జర్లండ్ వీడియోకు. లౌటర్‌బ్రున్నెన్ లోయ. రాతిగోడ అంచున నిలబడి దూకడం, చెట్ల కొసలు తగిలేంత దగ్గరగా పోవడం. వచ్చే ఏడు అక్కడికి పోతానన్నావు. నాకు లెక్కలు వేసే అలవాటుంది, విను. నార్వేలో షెరాగ్ అనే కొండ ఉంది. 1995 నుంచి 2005 దాకా అక్కడ 20,850 జంపులు లెక్కపెట్టారు, తొమ్మిదిమంది పోయారు. అంటే 2,317 జంపులకు ఒకరు. మీ అమెరికాలో 2023లో విమానాల నుంచి దూకినవి 36.5 లక్షలు, పోయినవాళ్ళు పదిమంది. మూడు లక్షల అరవై అయిదు వేలకు ఒకరు. భాగించి చూడు, నూట యాభై రెట్లకు పైన తేడా. ఆ నార్వే లెక్కలో రెక్కలవాళ్ళూ ఉన్నారు, లేనివాళ్ళూ ఉన్నారు, పాతదీ అది. కానీ ఆ తరవాతి సంవత్సరాల్లో కొండల మీద పోయినవాళ్ళలో రెక్కలు కట్టుకున్నవాళ్ళ వంతే పెద్దది.

కారణం నీకు తెలిసిందే. విమానం నుంచి దూకితే నీ కింద రెండు మైళ్ళ ఖాళీ ఉంది. తప్పు చేయొచ్చు, దిద్దుకోవచ్చు, రెండో చూట్ ఉంది. కొండ మీద నుంచి దూకేవాడి వీపున ఒకటే చూట్. రెక్కలో గాలి నిండి అది ఎగరడం మొదలుపెట్టే దాకా మొదటి కొన్ని సెకన్లు రాయిలా పడాల్సిందే, ఆ పడే చోట గోడ నిట్టనిలువుగా ఉండాలి. మన కొండ వాలుకొండ కాబట్టి సరిపోయింది, లేకపోతే తొలి ఏకాదశి తిరునాళ్ళనాడు రామలింగేశ్వరుడి గుడి పక్క నుంచి దూకుతానని నువ్వు పదేళ్ళ వయసులోనే బయల్దేరేవాడివి.

వాలెరీ రోజోవ్ అని రష్యా వాడు. 2012లో మన గంగోత్రి పైన శివలింగ్ శిఖరం నుంచి రెక్కలతో దూకాడు. 2013లో ఎవరెస్టు పక్క చాంగ్‌త్సే మీద నుంచి, 7,220 మీటర్ల ఎత్తు. 2016లో చో ఓయు నుంచి, 7,700. ఆయన కన్నా ఓపికగా లెక్క వేసినవాడు, ఎక్కినవాడు, ఆగినవాడు లేడు. 2017 నవంబర్‌లో నేపాల్‌లో అమా దబ్లామ్ నుంచి దూకి బండను తగిలాడు. యాభై రెండేళ్ళు. అంతటివాడు. నేర్చుకుంటే సరిపోతుందని నువ్వు అన్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. 2016లో ఫ్రాన్సులో షామోనీ వాళ్ళు ఇక మా ఊళ్ళో రెక్కలతో దూకొద్దని ఆపేశారు. ఊరి మీద పడి పోతుంటే ఏం చేస్తారు పాపం.

ఆ లౌటర్‌బ్రున్నెన్ లోయలో నాకు నచ్చినది ఒకటుంది, అది కూడా చెబుతాను. అక్కడ దూకేవాళ్ళు కార్డు కొనుక్కోవాలట. ఆ డబ్బు ఎవరి గడ్డి పొలాల్లో దిగుతారో ఆ రైతులకు పోతుంది, తొక్కిన గడ్డి ఆవులకు పనికిరాదు కాబట్టి. లోయలో తిరిగే హెలికాప్టర్ల వాళ్ళకు కూడా ముందు ఫోను చేసి చెప్పి దూకాలి. మీ నాన్న మిరప చేనులో ఎవడన్నా పైనుంచి వచ్చి పడితే ఏమంటాడో ఊహించుకో. కల్లంలో ఎండబోసిన కాయల మీద పడ్డాడంటే ఇక అంతే, పడ్డవాడికి దెబ్బలు తగిలాయా అని అడిగేది ఆ తరవాతే. ఆ కార్డు పద్ధతి చూశాక ఆ మనుషుల మీద గౌరవం కలిగింది. అయినా నేను నిన్ను అక్కడికి పొమ్మనను. పోవద్దని ఒట్టు పెట్టించుకోను కూడా. ఒట్టు పెట్టించుకుంటే నువ్వు నాకు చెప్పకుండా పోతావు, అది ఇంకా అధ్వాన్నం. ఒక్కటి అడుగుతాను. విమానం నుంచి చిన్న సూటుతో మొదలుపెట్టి వందల జంపులు చేశాక, అప్పుడు ఆ మాట మళ్ళీ ఎత్తు. అప్పటికి నాకు ఓపిక ఉంటే వాదించుకుందాం. రెండు మూడేళ్ళు పడుతుందేమో. ఈ లోపు పెళ్ళి చేసుకుంటే మీ ఆవిడకు వదిలేస్తాను.

మన ఊరికి వినుకొండ అనే పేరు ఎట్లా వచ్చిందని, చిన్నప్పుడు నేను కొండ మెట్లు ఎక్కుతుంటే నా వీపు మీద నుంచి అడిగేవాడివి. రెక్కలు తెగిపడ్డ జటాయువు చెబుతుంటే రాముడు సీత సంగతి ఇక్కడ విన్నాడని, అందుకే విన్నకొండ అయిందని చెప్పేవాణ్ణి. లేపాక్షి వాళ్ళు మా ఊళ్ళోనే పడ్డాడంటారు, వాళ్ళతో మనకు తగువు ఎందుకులే. ఆ జటాయువుకు అన్న ఉన్నాడని ఎప్పుడైనా చెప్పానో లేదో. సంపాతి. చిన్నప్పుడు ఇద్దరూ పందెం వేసుకుని సూర్యుడి దాకా ఎగిరారు. తమ్ముడు వేడికి సొమ్మసిల్లితే అన్న తన రెక్కలు అడ్డం పెట్టాడు. అన్న రెక్కలు కాలిపోయాయి, తమ్ముడివి మిగిలాయి. మీ నాన్న నాకన్నా ఆరేళ్ళు చిన్న. నీ సంగతి తలుచుకుని వాడు రాత్రిళ్ళు లేచి కూర్చుంటే నేను పక్కన మంచం మీద ఏం చెబుతాను చెప్పు? వాడికి ఏం కాదురా, వాడు చిన్న సూటే కొంటున్నాడు అని చెప్పగలిగితే నాకు చాలు.

కొలతల చీటీ కంపెనీ వాళ్ళు పంపుతారట కదా, బోలెడు కొలతలట. నీ అంతట నువ్వు తీసుకోకు. టేపు ఒకడే పట్టుకుంటే భుజం లేస్తుంది, చంక కొలత తప్పుతుంది. నీతో ఉండేవాణ్ణి ఎవణ్ణయినా పిలువు. రెండుసార్లు తీయించు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తేడా వస్తే మూడోసారి. ఆర్డరు పెట్టే ముందు ఆ చీటీ నాకు వాట్సాప్‌లో పంపు. నీ ఒళ్ళు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది. అది వాళ్ళ కాగితంలో పడాలి.

సూటు వచ్చాక ఓసారి ఇంటికి తెచ్చి చూపించు. కొట్లో లైటు వేసి బల్ల మీద పరిచి కుట్టు తిరగేసి చూస్తాను. ఎక్కడైనా లూజుగా ఉంది పెదనాన్నా, ఒక్క కుట్టు వేసి పెట్టు అని మాత్రం అడగకు. సూది ముట్టను.

మీ పెదనాన్న
వినుకొండ